సూది తప్పించుకుందామని స్వామినైన

మీరందరు అడుగుతనే ఉన్నరు గదా, "ఏందన్నా, దసరా ఎల్లిన కాడ నుంచి ఎర్రరంగు కనబడితే గల్లీ మారుతున్నవ్" అని. చాయ్ చెప్పుండ్రి, చెప్త. నాది మాత్రం చక్కెర లేకుంట. ఎందుకు చక్కెర లేకుంటనో, అదే అసలు కత!

ముందే ఒక మాట. నా ప్లాన్‌ల తప్పు లేదు. ఇప్పటికీ గదే అంట. నా పెండ్లాం సుజాత నవ్వితే నవ్వనియ్యి. ఆరోగ్యం కాపాడుకోవాలె అని బుద్ధి పుట్టుడు తప్పా? కాదు గదా. మరి గంత మంచి ప్లాన్ ఎక్కడ బోర్ల పడ్డదో వినుండ్రి.

బాన్సువాడల నా ఫ్లెక్స్ షాపు సంగతి మీకు తెల్సిందే. పుట్టినరోజైనా, పెండ్లైనా, లీడర్ ఊర్లకొచ్చినా, ఎవ్వరి మొహమైనా మనిషంత చేసి చౌరస్తాల నిలబెట్టేది నేనే. పనంత కుర్చీల కూసొనే. పక్కకు చాయ్, మిర్చిబజ్జి. ఇగ పొట్ట పెరగక ఏమైతది? పొట్టెంబడి షుగర్ వచ్చింది. గోలీలు మింగుకుంట బేఫికర్‌గ ఉన్న. పండుగ ముంగట చూపిచ్చుకుందామని పోతే, మా డాక్టర్ సారు రిపోర్ట్ చూసి కండ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టిండు. ఆయన అద్దాలు తీసిండంటే ముచ్చట సీరియస్ అన్నట్టు.

"రవీందర్, గోలీలతోని ఆగుతలేదు. ఈ పండుగల జెర నోరు కట్టుకో. దసరా ఎల్లినంక రా, మళ్ల చూద్దం. అప్పటికీ దిగకపోతే ఇన్సులిన్ సూది షురూ చేస్త. రోజు. పొట్టకు."

"పొట్టకా సార్?"

"పొట్టకే. నీకు జాగ తక్వ లేదు గదా."

చూసిండ్రా, డాక్టర్లు గూడ ఎట్ల మాట్లాడ్తరో! నేను చూస్తానికి ఇట్ల నిలువెత్తు కనబడ్త గని, సూది పేరు చెప్తే నా కాళ్లు నా మాట వినయి. ఒకసారి ఫ్లెక్స్ ఫ్రేము రేకు చెయ్యికి కోసుకపోతే టీటీ సూదికని దవాఖానకు తీస్కపోయిండ్రు. సిస్టర్ సూది బయటికి తీసింది, అంతే యాదికున్నది. తర్వాత చూస్తే నేను రోడ్డవతల అరటిపండ్ల బండి కాడ ఉన్న. ఎప్పుడు ఉరికిననో, ఎట్ల రోడ్డు దాటిననో నాకే తెల్వది. గసోంటోనికి రోజు సూదా? ఓ యవ్వ!

ఇంటికొచ్చి సుజాతకు ఖరాఖండిగ చెప్పిన. "చూడు, ఈ దసరాకు నోటికి తాళం ఏస్తున్న."

"చెవి ఎవ్వరి తాన ఉంటది?" అన్నది.

గట్ల అంటది గని, ఆమెకు గూడ బుగులే. సూది ఏసేటోళ్లు లేకపోతే తనే ఏయాలె గదా, నన్ను పట్టుకొని.

నేను కూసొని మంచిగ ఆలోచన చేసిన. నా లెక్కల దసరాకు దుష్మన్ ఒక్కటే, దావత్. పెద్ద కొడప్‌గల్‌ల ఉండే మా బామ్మర్ది అప్పటికే ఫోన్ చేసిండు, "బావా, మేకపోతును మాట్లాడిన, నువ్వు రాకపోతే కొయ్యం" అని. ఇక్కడ దోస్తులు వేరే. పాలపిట్టను చూసుడు, జమ్మి పెట్టి అలయ్ బలయ్ తీసుకునుడు, ఇగ ఆ మీద మటన్, మందు. వద్దు అంటే వినే మనుషులా వీళ్లు? "ఒక్క ముక్కనే బావా", "ఒక్క గుక్కనే అన్నా" అని నోట్ల కుక్కుతరు. వీళ్లను తప్పించుకుంటే సూదిని తప్పించుకున్నట్టే అని నా ధీమా.

నవరాత్రులు మొదలైన పొద్దు వాకింగ్ షురూ చేసిన. ఇప్పుడు నా అవతారం ఎట్లున్నదో జెర మనసుల పెట్టుకోండ్రి. పండుగ గిరాకీల పడి గడ్డం చేసుకోలే. మీటింగ్ కోసం టీషర్టులు కొట్టినప్పుడు బొమ్మ వంకర పడ్డ ఎర్రది ఒకటి మిగిలితే, తిరగేసి ఏస్కున్న. ప్యాంట్లు పొట్టకు పడ్తలెవ్వు, అందుకని కింద ఎర్ర లుంగి. చెమటకని మెడల ఎర్ర తువ్వాల. పొద్దుగాలనే సుజాత దేవుని తాన దీపం పెట్టి నా నొసట ఇంత కుంకుమ బొట్టు పెట్టింది. కొత్త బూట్లు సందు దాటకముందే మడిమలు కరిస్తే, ఇప్పి లింగవ్వ ఇంటి అరుగు కింద పెట్టి ఉత్తకాళ్లతోని నడుస్తున్న.

లింగవ్వ ఎవరంటే మా పక్కింటామె. మా గల్లీకి ఆమెనే టీవీ, ఆమెనే పేపర్. అరుగు మీద కూసొని బతుకమ్మకు గునుగుపువ్వు కోస్తున్నది. నన్ను కిందికెళ్లి మీదికి చూసింది. చేతుల పువ్వు పక్కన పెట్టి రెండు చేతులు జోడించింది.

"అయ్యో బిడ్డా! అమ్మవారి మాల ఏస్కున్నవారా! ఎంత మంచి బుద్ధి పుట్టింది నాయినా నీకు!"

"అవ్వా, అది గాదు..." అని నేను నోరు తెరిచిన్నో లేదో, నా దోస్తు ఒకడు బండి తెచ్చి నా ముంగట ఆపిండు. "అన్నా, ఇయ్యాల నుంచే షురూ చేద్దమా? పొద్దుగూకినంక చెరువు దిక్కు రా, చికెన్ తెప్పిస్తున్న."

లింగవ్వ అరుగు మీదికెళ్లి దిగనే దిగింది. "థూ, నీ నోట్ల మన్ను వడ! మాలల ఉన్న స్వామి ముంగట గా మాటలేందిరా!"

వాడు నన్ను చూసిండు. ఎర్ర అంగి, బొట్టు, గడ్డం, ఉత్తకాళ్లు. మొహం పాలిపోయింది. "తప్పైంది స్వామీ, నాకు తెల్వది" అని చెంపలేసుకొని, బండి ఎనుకకు మలిపి, మళ్ల కనబడలే. పండుగ మొత్తం కనబడలే!

అరే! గింత అల్కగనా? పదేండ్ల సంది నేను వద్దంటే వినని మనిషి, ఒక్క ఎర్ర తువ్వాలకు ఎనుకకు తిరిగి పోయిండు! ఇగ నా దిమాక్ ఉరికింది. మాల అంటే ఏంది? మందు లేదు, మాంసం లేదు, ఒంటిపూట భోజనం, ఉత్తకాళ్ల నడక. ఇంతకన్న మంచి డైట్ ఏ డాక్టర్ రాసిస్తడు చెప్పుండ్రి? నేను ఏస్కున్న అనలే, ఏస్కోలే అనలే. వాళ్లే అనుకున్నరు. వాళ్లు అనుకుంటే నాదేం తప్పు?

సుజాతకు చెప్తే రెండు చేతులు నడుము మీద పెట్టింది. "అమ్మవారి తోని ఆటలా? మెడల మాలేది? ఇంట్ల పీఠమేది?"

"తువ్వాల కింద ఉన్నదనుకుంటరు తియ్."

"నీ కర్మ" అన్నది. "నన్ను అడిగితే మాత్రం నేను అబద్ధం చెప్ప."

ఆమెను ఎవ్వరూ అడగలే. అడుగుడెందుకు, లింగవ్వ ఉన్నంక! పొద్దుగూకే వరకు ఊరంత ఎరకైంది. బామ్మర్ది ఫోన్ చేసి, "అయ్యో బావా, స్వామివైనవా! మంచిది, మంచిది. ఇగ నీ పాలు మేమే తింటం, ఫికర్ పడకు" అన్నడు. ఫోన్ పెట్టి మీసం మెలేసిన. యుద్ధం గెలిచినట్టే అనిపించింది.

తెల్లారి నిజమైన కత షురూ అయింది.

మా గల్లీ దుర్గమ్మ మండపం కాడ నిజంగనే మాలలున్న స్వాముల బృందం ఒకటున్నది. వాళ్ల గురుస్వామి తెల్లగడ్డం పెద్దమనిషి, నిమ్మలంగ మాట్లాడ్తడు. ఇంటికే వచ్చిండు. "స్వామీ, ఒక్కడివే ఎందుకు? మాతోని భిక్షకు రా" అన్నడు.

భిక్ష! నేను ఆ ముచ్చటనే మర్చిపోయిన! మాలల ఉన్నోళ్లను రోజుకొక ఇంట్ల పిలిచి, కాళ్లు కడిగి, మధ్యాహ్నం భోజనం పెడ్తరు గదా. సరే తియ్, పప్పు, కూర ఇంత తిని లేస్త, మటన్ అయితే ఉండది గదా అనుకున్న. నా ధైర్యం చూడుండ్రి.

పోయేటప్పుడు గురుస్వామి రెండు మాటలు చెప్పిండు. "పెట్టేటోళ్లను వద్దనొద్దు స్వామీ. విస్తరిల మెతుకు మిగలొద్దు. అది అమ్మవారి ప్రసాదం."

సరే స్వామీ అని తలూపి ఎంబడి నడిచిన.

మొదటి ఇంట్ల బచ్చాలు, అదే బొబ్బట్లు. ఒకటి తిన్న. ఇంకొకటి ఏస్తమని వస్తే చెయ్యి అడ్డం పెట్టిన. ఆ ఇంటామె ఏం చేసింది? నా వేళ్ల సందుల కెళ్లి పాయసం పోసింది! "స్వామికి మొహమాటం ఎక్కువ" అని అందరు నవ్విండ్రు. ఒంటిపూట అంటే సగం తిండి అనుకున్న నేను. మూడుపూటల తిండి ఒక్క పూటల పెడ్తరని నాకెవ్వరు చెప్పిండ్రు?

తర్వాత పిలుపు వర్ని దిక్కుకెళ్లి. అక్కడ క్యాంపుల ఉండే సత్యవతమ్మ గారు మా షాపుకు పాత గిరాకి. వాళ్ల పెద్దలు ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొని ఇక్కడనే నిలబడ్డరు. వరి ఎట్ల పండిస్తరో, మర్యాద గూడ గట్లనే పండిస్తరు వాళ్లు. బృందమంత ఆటోల పోయినం.

"రండి స్వామీ, రండి! మీరు మాల వేశారని తెలిసి ఎంత సంతోషించామో! ఇవి పూర్ణం బూరెలండీ. అయ్యో, అలా ఒట్టిగా తినేస్తారేంటి? ఉండండి!" అని బూరెకు నడిమిట్ల వేలుతోని చిల్లు పెట్టి, ఆ చిల్లులకు కాగిన నెయ్యి పోసింది. పైకెళ్లి పొంగేదాక పోసింది.

నేను బూరె దిక్కు చూసిన. బూరె నా దిక్కు చూసింది. చిల్లు చూస్తే నాకు సూది పొడిచిన జాగ లెక్క కనబడ్డది. నిజం చెప్తున్న!

"ఎలా ఉందండీ?"

"బాగుందండీ" అన్న. బాగుంది గూడ. అదే నా బాధ! బాగలేకపోతే తినకపోదును గదా.

సరే, మధ్యాహ్నం పోతే పోయింది, నడక ఉన్నది గదా అనుకున్న. ఆ నడక గూడ దక్కనియ్యలే. స్వామి ఉత్తకాళ్లతోని నడుస్తుండంటే ఊరు ఊకుంటదా? పది అడుగులు ఎయ్యకముందే ఎవరో ఒకరు బండి ఆపుతరు. "ఎక్కుండ్రి స్వామీ, ఎక్కడ దింపాలె?" వాకింగ్ చేస్తున్న అని ఎట్ల చెప్త? మాలల ఉన్నోడు గుడికి పోతడు గని వాకింగ్‌కు పోతడా? ఎక్కిన. దిగిన. మళ్ల ఇంకొకడు ఎక్కించుకున్నడు. నా జిందగీల నేను గంత తక్వ నడిచిన రోజులు లెవ్వు.

ఇగ పొద్దుమీకి బతుకమ్మ. మా గల్లీ ఆడోళ్లు ఆడి పాడి, సాగనంపి వచ్చినంక సత్తుపిండి పంచుకుంటరు. నువ్వుల సత్తు, పల్లీల సత్తు, పెసర సత్తు, అన్నిట్ల బెల్లమో చక్కెరనో ఉండనే ఉంటది. ఇదివరకు నన్ను పట్టించుకునేటోళ్లే లేకుండె. ఇప్పుడు, "ముందు స్వామికి! ముందు స్వామికి!" అని లైన్ కట్టిండ్రు. చెయ్యి ముడిస్తే దోసిలి పట్టుమంటరు. దోసిలి పడితే నిండిస్తరు. సుజాత ఆ లైన్ ఎనుక నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతున్నది. తన వంతు రాంగనే తను గూడ పెట్టింది, చూసిండ్రా! "ఊరంత పెట్టంగ పెండ్లాం పెట్టకపోతే బాగుంటదా?" అని.

అన్నిట్లకంటే మనసుకు తాకింది లింగవ్వ. మోకాళ్ల నొప్పులతోని అవ్వ నిలబడుడే కష్టం. గసోంటిది, ఒంగి నా కాళ్లకు మొక్కింది. "నా మోకాళ్లు మంచిగైతే వచ్చే ఏడు గుడికొస్త స్వామీ, నీ నోటితోని చెప్పు" అన్నది. నాకు సిగ్గుతోని తల ఎత్త బుద్ధి కాలే. సూదికి భయపడి నేను ఆడే నాటకానికి ఆ ముసలిది ఒంగి మొక్కుడా? చెప్పేద్దాం, ఎవ్వరేమన్నా అననీ అని గట్టిగ అనుకున్న. తెల్లారంగనే మండపం కాడికి పోయి అందరి ముంగట చెప్పేస్త అని బయల్దేరిన.

చౌరస్తాకు పోయి చూస్తే, నా ఫ్లెక్స్!

మొత్తం ఊరికి ఫ్లెక్సులు కొట్టిచ్చేది నేనైతే, నా మొహం చౌరస్తాల వేలాడుతున్నది. రెండు చేతులు జోడించి, కండ్లు సగం మూసి. బూరెలు తిన్నంక ఆటోల కునుకుతున్నప్పుడు ఎవడో ఫొటో కొట్టిండు. కింద ఇంత పెద్దక్షరాలు: "మా గల్లీ ముద్దుబిడ్డ భవానీ స్వామి రవన్నకు నవరాత్రి శుభాకాంక్షలు." మా గల్లీ యూత్ పని. నాకు సర్‌ప్రైజ్ ఇయ్యాలె అని పక్క షాపోని దగ్గర కొట్టిచ్చిండ్రు. నా మొహం, వాని ప్రింటింగ్! రంగులు గూడ సరిగ్గ పడలే, ముక్కు నీలంగున్నది. దేనికి ఏడ్వాలెనో తెల్వలే నాకు.

ఇగ ఏమని చెప్త? కుడితిల పడ్డ ఎలుక లెక్క అయింది నా బతుకు. మూతి ముడుచుకొని మండపానికి పోయి, అమ్మవారి ముంగట నిలబడి, లోపల్లోపల చెప్పుకున్న. "అమ్మా, తప్పైంది. ఈ పండుగ దాటియ్యి. సూది ఒక్కటి తప్పియ్యి."

అటెంకల గురుస్వామి వచ్చి భుజం తట్టిండు. "ఇయ్యాల భిక్ష కొత్తింట్ల. ఆ ఇంటామె బిడ్డకు బాగైనందుకు మొక్కుకున్నదట. మంచిగ తినాలె స్వామీ."

కొత్త కాలనీల ఇల్లు. గృహప్రవేశం ఎప్పుడైందో నాకు ఎరకలే, నా దగ్గర ఫ్లెక్స్ కొట్టియ్యలే గదా. వాకిట్ల కుర్చీలు ఏసి మమ్ముల వరుసగ కూసోబెట్టిండ్రు. ఇంటామె పసుపునీళ్ల చెంబు పట్టుకొని, ఇంటాయన పట్టుపంచె కట్టుకొని, ఇత్తడి తాంబాలంల ఒక్కొక్క స్వామి కాళ్లు కడుక్కుంట వస్తున్నరు. నేను చివర్ల ఉన్న. కండ్లు మూసుకొని కూసున్న, పుణ్యాత్ముని లెక్క.

నా కాళ్ల మీద నీళ్లు పడ్డయి. వేళ్ల సందులు తుడుస్తున్న చెయ్యి ఒక్క దగ్గర ఆగింది, ఉత్తకాళ్లతోని తిరిగి బొబ్బలెక్కిన జాగల.

"స్వామీ, ఈ బొబ్బలు మంచియి కావు. షుగర్ గిట్ల ఉన్నదా మీకు?"

గొంతు ఎక్కడనో విన్నట్టున్నది. కండ్లు తెరిచిన.

మా డాక్టర్ సారు! నా కాళ్లు పట్టుకొని కూసున్నడు!

నీళ్లు పడ్తయని అద్దాలు తీసి పక్కన పెట్టుకున్నడు కావచ్చు, కండ్లు చిన్నగ చేసి చూస్తుండు. తర్వాత ఎదురుంగున్న గద్దె మీదికెళ్లి అద్దాలు అందుకొని పెట్టుకున్నడు. ఈయన అద్దాలు తీస్తేనే సీరియస్ అనుకున్న ఇన్నొద్దులు. పెట్టుకుంటే ఇంకా సీరియస్ అని అప్పుడు తెల్సింది.

"రవీందర్?" అన్నడు మెల్లగ.

"స్వామి అనాలె" అని ఎనుకకెళ్లి మేడం అందిచ్చింది.

ఇగ విస్తర్ల ముంగట కూసున్నం. మేడం బచ్చాలు, సారు పాయసం. సారు అందరికి పోసుకుంట వచ్చి నా విస్తరి దాటేసిండు. నా పాణం లేచొచ్చింది. దేవుడున్నడు అనుకున్న. మేడం చూసింది.

"ఏందండీ, ఆ స్వామిని ఇడిసిపెట్టిండ్రు?"

"ఆయనకు వద్దట."

"మొక్కు భిక్షండీ ఇది! స్వామీ, మా చేతివంట మీకు పడ్తలేదా?" మేడం కండ్లల్ల నీళ్లు తిరిగినయి. బిడ్డ కోసం మొక్కుకున్న తల్లి. ఏమంట నేను?

"పడ్తదమ్మా" అన్న.

సారు గంటెడు పాయసం పట్టుకొని నా మీదికి ఒంగిండు. పోస్తే డాక్టర్‌గ తప్పు, పొయ్యకపోతే ఇంటాయనగ తప్పు. రెండు చుక్కలు రాల్చిండు. మేడం గంటె గుంజుకొని నిండ పోసింది, పైకెళ్లి రెండు బచ్చాలేసి నెయ్యి వంపింది. నేను తింటున్న. సారు ఎదురుంగ నిలబడి ఒక్కొక్క ముద్ద లెక్క చూస్తుండు. నేను మింగలేక కక్కలేక ఆయన మొహం దిక్కే చూస్తున్న. ఆయన పెదవులు కదులుతున్నయి. మేడం మంత్రం చదువుతుండనుకున్నది. నాకు మాత్రం వినబడ్డది, "పాయె... ఇంత చేసి పాయె..." అని.

తిన్నంక తాంబూలం ఇచ్చి భార్యాభర్తలిద్దరు కాళ్లు మొక్కాలె గదా. మేడం మొక్కింది. సారు ఒంగి, నా కాళ్ల కాడ నుంచి పండ్లు కొరుక్కుంట అన్నడు, "దసరా తెల్లారి పరగడుపున దవాఖానకు రా స్వామీ. రాకపోతే నీ ఫ్లెక్స్ కాడికే వస్త."

అది చాలదన్నట్టు మేడం, "ఆశీర్వదించుండ్రి స్వామీ" అన్నది.

"శుభం" అన్న. పోయేటప్పుడు ఇంటికని బచ్చాల డబ్బా గూడ చేతుల పెట్టింది, మహాతల్లి.

బయటికొచ్చినంక గురుస్వామిని పక్కకు పిలిచి మొత్తం చెప్పేసిన. ఎర్ర టీషర్టు కాడ నుంచి ఇన్సులిన్ దాక. ఆయన గడ్డం నిమురుకొని, "మెడల మాల లేదని నాకు రెండో రోజే తెల్సు. తువ్వాల జారింది" అన్నడు.

"మరి చెప్పొద్దా స్వామీ!"

"మారుదామని చూస్తుండు పాపం అని ఊకున్న. అయినా, మాల లేనోనికి నియమమేందయ్యా? విస్తరిల మిగలొద్దన్నది మాకు. నువ్వు చేతులు కడుక్కొని లేస్తే ఎవ్వరాపిండ్రు?"

తల ఏడ పెట్టుకోవాలె చెప్పుండ్రి!

దసరా నాడు బామ్మర్ది మేకపోతు ఫొటోలు పంపిండు. చూసి ఫోన్ బోర్లేసిన. తెల్లారి సుజాతను ఎంబడి పెట్టుకొని దవాఖానకు పోయిన. తెల్ల అంగి ఏస్కొని, నున్నగ గడ్డం చేసుకొని, మామూలు మనిషినై. తొవ్వల సుజాతతోని అన్న, "అమ్మవారికి నా మీద కోపమొచ్చింది కావచ్చునే."

"కోపమొస్తే పస్తులుంచుతది గని, బూరెలెందుకు పెడ్తది?" అన్నది.

రక్తం తీస్తమంటే కండ్లు మూసుకొని సుజాత చెయ్యి పట్టుకున్న. సారు రిపోర్ట్ చూసిండు. అద్దాలు తీసిండు, పెట్టుకున్నడు, మళ్ల తీసిండు.

"సార్, మటన్ ముట్టలే. మందు వాసన గూడ చూడలే. కావాల్నంటే ఊరంత సాక్ష్యం!"

"మటన్ వద్దని నేనెప్పుడన్న నీకు? నేను వద్దన్నది చక్కెర. నీ బామ్మర్ది దావత్‌కు పోయి రెండు ముక్కలు నమిలి వచ్చినా షుగర్ ఇట్ల ఎగురకపోవు!"

మా సుజాత గోడ దిక్కు తిరిగి నవ్వింది. నాకు ఆ మేకపోతు ఫొటో కండ్లల్ల మెదిలింది. ఎంత పాపం చేసిన నేను!

"సిస్టర్, సూది తెమ్ము" అన్నడు సారు.

సిస్టర్ ఎవరనుకున్నరు? మా ఎనుక గల్లీ పిల్లనే. సూది పట్టుకొని లోపలికొచ్చింది. నేను ఆ సూదిని చూసిన. తర్వాత తలుపు దిక్కు చూసిన. తెరిచే ఉన్నది! అవతల రోడ్డు, రోడ్డవతల పండ్ల బండి. ఉరికితే రెండు అంగలల్ల పోత. కాళ్లు తయారైనయి.

ఆ పిల్ల నా మొహం గుర్తు పట్టింది. సూది టక్కున ట్రేల పెట్టింది. "అయ్యో, చౌరస్తా ఫ్లెక్స్ మీది స్వామి! స్వామీ, మీకు సూది పొడిస్తే నాకు పాపం తగుల్తదేమో, తప్పైతే మాఫ్ చెయ్యుండ్రి" అని ఒంగి నా రెండు కాళ్లు గట్టిగ పట్టుకున్నది.

రెండు కాళ్లు ఆమె చేతులల్లనే ఉంటే ఎటు ఉరుకుత?

ఇగ గతిలేక, అలవాటైపాయె గదా, ఆశీర్వదిద్దామని చెయ్యి పైకి లేపిన. చెయ్యెంబడి అంగి పైకి లేచింది. అంగెంబడి పొట్ట బయటపడ్డది.

గంతే. ట్రేల సూది ఎప్పుడందుకున్నదో తెల్వది, శుభం అనకముందే పొడిచింది.